ఆల్డోస్టిరాన్ అంత ఉన్నా ఒంట్లో ఉప్పు నిలవకపోతే: పసిబిడ్డల్లో సూడోహైపోఆల్డోస్టిరానిజాన్ని ఎలా తేలుస్తాం

మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో ముందు చెబుతాను, పొరపాటుంటే సరిదిద్దండి. బాబుకి ఇప్పుడు 26 రోజులు. నెలలు నిండి పుట్టాడు, మూడు కిలోలకి కాస్త తక్కువ. తొమ్మిదో రోజున పాలు మానేసి, వాంతులు చేసుకుని, మగతగా పడిపోతే ఆసుపత్రిలో చేర్చారు. రక్తంలో సోడియం బాగా పడిపోయి 116, పొటాషియం బాగా పెరిగి 8.4 వచ్చాయి. అక్కడ అడ్రినల్ గ్రంథి జబ్బు, అంటే సీఏహెచ్ అనుకుని సెలైన్‌తో పాటు హైడ్రోకార్టిసోన్, ఫ్లూడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ మందులు మొదలుపెట్టారు. సెలైన్ ఎక్కుతున్నన్నాళ్ళూ బాబు బాగున్నాడు, తీసేసిన రెండో రోజుకి మళ్ళీ మొదటికొచ్చింది. తర్వాత, సీఏహెచ్‌లో బాగా పెరిగే 17-ఓహెచ్‌పీ అనే హార్మోన్ మామూలుగా ఉందని, ఒంట్లో ఉప్పు నిలిపే హార్మోన్ ఆల్డోస్టిరాన్, దాన్ని పెంచే రెనిన్ మాత్రం విపరీతంగా ఉన్నాయని రిపోర్టులు వచ్చాయి. రెండో ఆసుపత్రి డాక్టరుగారు సూడోహైపోఆల్డోస్టిరానిజం అన్నారు, జీన్ పరీక్ష రాశారు. హార్మోన్ అంత ఉంటే అది లేని జబ్బులా ఎందుకుంది, ఈ మాట నమ్మవచ్చా, ఇంకేం చూడాలి అని అడిగారు. మీది మేనరికం అని, మీ అత్తగారు ‘పిల్లాడి నుదుటి మీద ముద్దు పెడితే ఉప్పగా ఉంది’ అన్నారని చివర్లో రాశారు.

ఆ చివరి వాక్యం చాలా విలువైనది. దాని దగ్గరికి వస్తాను.

నేను పిల్లల హార్మోన్ జబ్బులు చూసే డాక్టర్ని. ఇరవయ్యేళ్ళు దాటిన నా పనిలో ఈ జబ్బున్న పిల్లలు వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే వచ్చారు. మీ బాబుని నేను చూడలేదు కాబట్టి అవునని గానీ కాదని గానీ ఇక్కడ తేల్చి చెప్పను. కానీ ఈ మాట మీ డాక్టరుగారు ఎందుకన్నారో, అది గట్టిపడాలంటే ఏవేం కావాలో వివరంగా చెప్పగలను.

ముందు ఆల్డోస్టిరాన్ సంగతి. మూత్రపిండాల పైన టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి ఇది వస్తుంది. మూత్రపిండం వడగట్టిన ఉప్పులో ఎక్కువ భాగాన్ని మొదటి మలుపుల్లోనే వెనక్కి తీసేసుకుంటుంది. ఆఖరి మెట్టు దగ్గర నూటికి కొద్ది పాళ్ళు మాత్రమే మిగులుతాయి. ఆ కొద్దిపాటిని ఒంట్లో ఉంచాలా, బయటికి వదిలేయాలా అన్నది ఆల్డోస్టిరాన్ చెబుతుంది. అది రక్తంలో వచ్చి మూత్రపిండ కణంలోని గ్రాహకాన్ని, అంటే రిసెప్టర్‌ని పట్టుకుంటే, ఆ కణం తన గోడ మీద సోడియం గేట్లను పెంచుతుంది. సోడియం లోపలికొస్తుంది, దానికి బదులు పొటాషియం మూత్రంలోకి పోతుంది. ఈ జబ్బులో ఆల్డోస్టిరాన్‌కి ఏ లోటూ లేదు. రిసెప్టర్ పనిచేయకపోవచ్చు, లేదా ఆ గేట్లే సరిగా తయారుకాకపోవచ్చు. పిలుపు ఉంది, పలికేవాళ్ళు లేరు. ఉప్పు పోతోందని గ్రహించిన ఒళ్ళు రెనిన్‌ని, దాని వెంట ఆల్డోస్టిరాన్‌ని ఇంకా ఇంకా పెంచుతుంది. మీ రిపోర్టులో అంకె ఆకాశాన్ని అంటడానికి కారణం అదే. ఫ్లూడ్రోకార్టిసోన్ పనిచేయకపోవడానికీ అదే కారణం. అది ఆల్డోస్టిరాన్ చేయాల్సిన పని చేసే మందు, వెళ్ళి తట్టేది కూడా ఆ తలుపే.

ఆల్డోస్టిరాన్‌ని 1953లో విడదీసి గుర్తించారు. ఐదేళ్ళకే, 1958లో, చీక్, పెర్రీ అనే ఇద్దరు వైద్యులు ఉప్పు పోతూనే ఉన్న ఒక పసిబిడ్డ గురించి రాశారు. హార్మోన్ మందులిచ్చినా ఆ బిడ్డ మూత్రపిండం స్పందించలేదు. గుర్తుపట్టిన జబ్బే కానీ, దానికి మూలమైన జీన్లు 1990ల దాకా తెలియలేదు.

ఇప్పుడు మొదటి ఆసుపత్రి విషయం. మీ మాటల్లో వాళ్ళ మీద కోపం ఉంది. నెలలోపు మగబిడ్డ సోడియం పడిపోయి, పొటాషియం పెరిగి వస్తే సీఏహెచ్ అనుకుని హైడ్రోకార్టిసోన్ ఇవ్వడం తప్పు కాదు. నేనైనా ఇస్తాను. ఆ జబ్బు దీనికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా కనబడుతుంది, సరిగ్గా రెండో వారంలోనే బయటపడుతుంది, మగపిల్లల్లో పుట్టినప్పుడు బయటికి ఏ గుర్తూ తెలియదు. మందు ఆలస్యమైతే బిడ్డ దక్కడు. రిపోర్టులు వచ్చేదాకా ఆగలేం.

కానీ ఒక్కటి అడగాలి. రక్తం ఎప్పుడు తీశారు? హైడ్రోకార్టిసోన్ మొదటి డోసుకి ముందా, తర్వాతా? కార్టిసాల్, 17-ఓహెచ్‌పీ, రెనిన్, ఆల్డోస్టిరాన్, వాటితో పాటే మూత్రంలో సోడియం, పొటాషియం, ఇవన్నీ మందు పడకముందే తీసి పెట్టుకోవాల్సిన శాంపిళ్ళు. మీ రాతను బట్టి 17-ఓహెచ్‌పీ తర్వాతి వారంలో చేసినట్టుంది. అప్పటికి ఐదారు రోజులు స్టెరాయిడ్ పడింది. సీఏహెచ్ ఉన్న బిడ్డలోనూ స్టెరాయిడ్‌తో ఆ అంకె దిగిపోతుంది. అంటే ‘మామూలుగా ఉంది’ అన్న మాటకు పూర్తి బలం రావాలంటే ఆ తేదీ తెలియాలి.

‘ఆల్డోస్టిరాన్ అంత ఉంటే ఇక సీఏహెచ్ ఎలా అవుతుంది’ అని మీరు అడగవచ్చు. ఉప్పు పోయే సీఏహెచ్‌లో ఆల్డోస్టిరాన్ అవసరానికి తగ్గట్టు తయారుకాదు, కాబట్టి మీ అనుమానం సబబే. అయితే ల్యాబుల్లో మామూలుగా చేసే, యాంటీబాడీలతో హార్మోన్‌ని కొలిచే ఇమ్యునోఅస్సే పద్ధతికి ఒక బలహీనత ఉంది. పసిబిడ్డ రక్తంలో తిరిగే ఇతర స్టెరాయిడ్లను కూడా అది ఆల్డోస్టిరాన్‌గా లెక్కేసేస్తుంది. 17-ఓహెచ్‌పీ కొండంత పెరిగిన సీఏహెచ్ బిడ్డకి ఆల్డోస్టిరాన్ ఎక్కువని తప్పుడు రిపోర్టు రావచ్చు. అందుకని మాస్ స్పెక్ట్రోమెట్రీ పద్ధతిలో ఒకసారి చేయించమని అడగండి. ఒకే గొట్టం రక్తంలో స్టెరాయిడ్లన్నీ విడివిడిగా తేలతాయి, పెద్ద నగరాల ల్యాబులకు శాంపిల్ పంపించవచ్చు.

రిపోర్టు మీద యూనిట్లు కూడా చూడండి. మీరు అంకె రాశారు, యూనిట్ రాయలేదు. ఒక ల్యాబు డెసిలీటరుకి నానోగ్రాముల్లో ఇస్తుంది, ఇంకో ల్యాబు మిల్లీలీటరుకి పికోగ్రాముల్లో ఇస్తుంది. మొదటి లెక్కలో 100 అంటే రెండో లెక్కలో 1000. పికోమోళ్ళలో అయితే 2770 దాకా పోతుంది. రెండు ల్యాబుల కాగితాలు పక్కపక్కన పెట్టి ‘పదింతలు పెరిగింది’ అని కంగారుపడిన తల్లిదండ్రుల్ని చూశాను. పైగా పుట్టిన కొత్తలో ఏ బిడ్డకైనా ఆల్డోస్టిరాన్ పెద్దవాళ్ళకంటే ఎక్కువే ఉంటుంది, ఎందుకంటే ఆ వయసులో మూత్రపిండం దాని మాట సగమే వింటుంది. నీరు ఇంకిపోయిన బిడ్డకైతే ఇంకా పెరుగుతుంది. కాబట్టి ఎక్కువ అన్న ఒక్క మాటతో ఈ జబ్బు పేరు పెట్టకూడదు. ఆ పూటే పొటాషియం ఎంతుంది, సోడియం ఎంతుంది, మూత్రంలో సోడియం ఎంత పోతోంది అన్నవి కలిపి చదవాలి. రక్తంలో సోడియం 116 ఉన్నప్పుడు ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండం చుక్క ఉప్పు కూడా వదలదు. అప్పుడు కూడా మూత్రంలో సోడియం ధారాళంగా పోతూ, పొటాషియం మాత్రం పోకుండా ఉంటే, హార్మోన్ మాట వినబడటం లేదని అర్థం.

పొటాషియం 8.4 నిజమైనదేనా అన్నది కూడా తేలాలి. మడమలో గుచ్చి, పిండి పిండి తీసిన రక్తంలో ఎర్ర కణాలు చితికి, లోపలి పొటాషియం బయటికొచ్చి అంకె పెరుగుతుంది. మీ బాబుకి సోడియం కూడా పడిపోయింది, బిడ్డ పరిస్థితీ దానికి సరిపోయింది కాబట్టి అది నిజమనే అనుకుంటున్నాను. ఆ రోజు ఈసీజీ తీసి ఉంటే దాని కాగితం జాగ్రత్తగా దాచండి. టీ అలలు గుడారాల్లా నిటారుగా లేచి ఉంటే ఇక అనుమానం లేదు.

మీరు రాసిన వివరాల్లో నాకు అన్నింటికంటే ఎక్కువగా ఉపయోగపడింది సెలైన్ సంగతి. లీటరు నార్మల్ సెలైన్‌లో 154 మిల్లీ ఈక్వివలెంట్ల సోడియం ఉంటుంది. రోజుకి కిలోకి 100 మిల్లీలీటర్లు ఎక్కించారనుకుందాం, బాబుకి కిలోకి 15 అందినట్టు. లీటరు తల్లిపాలలో ఉండేది సుమారు 7 మాత్రమే. కిలోకి 150 మిల్లీలీటర్లు తాగినా అందేది ఒకటి. పదిహేను నుంచి ఒకటికి దించగానే రెండు రోజుల్లో బిడ్డ పడిపోయాడు, అదీ స్టెరాయిడ్లు పడుతూ ఉండగానే. అంటే బాబుని నిలబెట్టింది మందులు కాదు, ఉప్పే. ఉప్పు పోయే సీఏహెచ్ అయితే ఆ మందులతో, మామూలు మోతాదు ఉప్పుతో నిలదొక్కుకోవాలి. మీ డాక్టరుగారికి అనుమానం ఇక్కడే వచ్చి ఉంటుంది. నాకూ అక్కడే వచ్చింది.

అయినా వంశపారంపర్యం అన్న మాట అనేముందు ఒక గుమ్మం దాటాలి. మీ ప్రశ్నలో ఎక్కడా మూత్రం కల్చర్ మాట లేదు, కడుపు స్కాన్ మాట లేదు. చేసి ఉండవచ్చు, మీరు రాయకపోయి ఉండవచ్చు. చేయకపోతే మాత్రం రేపే చేయించండి. మూడు నెలల్లోపు పిల్లల్లో మూత్రపిండానికి ఇన్ఫెక్షన్ పట్టినా, మూత్రం దారిలో అడ్డు ఉన్నా, వాపు వల్ల మూత్రపిండం ఆల్డోస్టిరాన్ మాట వినడం తాత్కాలికంగా మానేస్తుంది. రక్తం రిపోర్టులు చూస్తే అచ్చం ఈ జబ్బే. తక్కువ సోడియం, ఎక్కువ పొటాషియం, ఆకాశమంత ఆల్డోస్టిరాన్. తేడా ఏమిటంటే యాంటీబయాటిక్, సెలైన్ పడితే కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది, మళ్ళీ రాదు. ఈ వయసులో జ్వరం రాకుండానే ఇన్ఫెక్షన్ ఉండవచ్చు, అందుకని జ్వరం లేదు కదా అని ఊరుకోకూడదు. మూత్రాన్ని సంచీ అంటించి పడితే చర్మం మీది క్రిములు కలుస్తాయి, సన్న గొట్టం వేసి తీయాలి. మొదటి ఆసుపత్రిలో యాంటీబయాటిక్ పడి ఉంటే ఇప్పటి కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు, ఆ సంగతి కూడా డాక్టరుగారికి చెప్పండి.

ఇది ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో ఆరు వారాల మగబిడ్డని చూశాను. పొటాషియం 8 దాటింది, ఆల్డోస్టిరాన్ ల్యాబు కొలవగలిగిన పై హద్దు దాటింది. నేను ఆ తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి ఇది పుట్టుకతో వచ్చిన జబ్బని, జీవితాంతం ఉప్పు ఇవ్వాలని, తర్వాతి కాన్పులో కూడా రావచ్చని చెప్పేశాను. ఆ తల్లి ఏడవలేదు. గోడవైపు తిరిగి కూర్చుంది. రెండు రోజుల తర్వాత ఆలస్యంగా చేసిన స్కాన్‌లో రెండు మూత్రపిండాలూ ఉబ్బి ఉన్నాయి, మూత్రాశయం గోడ మందంగా ఉంది. మూత్రనాళంలో పుట్టుకతో పొర అడ్డుంది. పక్కన కూర్చుని బిడ్డ మూత్రం పోయడం చూసి ఉంటే నాకు ముందే తెలిసేది, ధార లేదు, చుక్కలు చుక్కలుగా పడుతోంది. సర్జన్ ఆ పొర తీశారు, ఇన్ఫెక్షన్ తగ్గింది, వారానికల్లా పొటాషియం సర్దుకుంది. బిడ్డకి మేలే జరిగింది, కానీ ఆ రెండు రోజులు ఆ ఇంట్లో ఏం జరిగిందో నేను ఊహించగలను. అప్పట్నుంచి మూత్రం రిపోర్టు, స్కాన్ చేతిలోకి రాకుండా ‘వంశపారంపర్యం’ అన్న మాట నా నోటి వెంట రాలేదు.

అందుకని మీరూ బాబు మూత్రధార చూడండి. డైపర్ తీసేసి, కాసేపు ఓపిగ్గా కూర్చుని. ధారగా ముందుకు వస్తోందా, కారుతోందా అన్నది రాసుకోండి.

మందుల సంగతి కూడా అడగాలి. ట్రైమెథోప్రిమ్ ఉన్న కోట్రైమోక్సజోల్ సిరప్ అదే సోడియం గేటుని మూస్తుంది. స్పైరనోలాక్టోన్ రిసెప్టర్‌ని అడ్డుకుంటుంది. హెపారిన్ ఆల్డోస్టిరాన్ తయారీనే తగ్గిస్తుంది. బాబుకి మొదటి తొమ్మిది రోజుల్లో ఏ సిరప్ ఇచ్చినా దాని పేరు చెప్పండి. ఇక ఆల్డోస్టిరాన్‌ని తయారుచేసే ఎంజైమే లోపించే జబ్బు ఒకటుంది. అందులో రెనిన్ ఎక్కువ, ఆల్డోస్టిరాన్ తక్కువ, ఫ్లూడ్రోకార్టిసోన్‌కి బిడ్డ తేరుకుంటాడు. మీ రిపోర్టు దానికి సరిపోదు. ఇంటర్నెట్‌లో వెతికితే ఈ జబ్బు రెండో టైపు అని కూడా కనబడుతుంది. పేరు ఒకటే అయినా దాంతో భయపడకండి, అది బీపీ పెరిగే వేరే జబ్బు, ఉప్పు పోదు.

ఇప్పుడు మీ అత్తగారి మాట.

ఈ జబ్బు వంశపారంపర్యంగా వస్తే రెండు రకాలు. ఒకదానిలో రిసెప్టర్ జీన్, ఎన్ఆర్3సీ2, దెబ్బతింటుంది. ఇది మూత్రపిండానికే పరిమితం. తల్లి, తండ్రి ఇద్దరిలో ఒకరి నుంచి వచ్చినా చాలు, కొన్నిసార్లు బిడ్డలోనే కొత్తగా పుడుతుంది. ఉప్పు ఇస్తూ పోతే ఏడాది నుంచి మూడేళ్ళ లోపు చాలామంది పిల్లలు తేరుకుంటారు, మందులు ఆపేస్తాం. రెండో దానిలో సోడియం గేటే లోపం. ఎస్‌సీఎన్‌ఎన్1ఏ, ఎస్‌సీఎన్‌ఎన్1బీ, ఎస్‌సీఎన్‌ఎన్1జీ అనే మూడు జీన్లలో ఏదైనా ఒకదాని రెండు ప్రతులూ పాడైతేనే వస్తుంది, అంటే తల్లీ తండ్రీ ఇద్దరూ ఒక్కొక్కటి మోస్తూ ఆరోగ్యంగా ఉంటారు. ఆ గేటు మూత్రపిండంలోనే కాదు, చెమట గ్రంథుల్లో, లాలాజల గ్రంథుల్లో, పేగు చివర్లో, ఊపిరితిత్తుల్లో కూడా ఉంటుంది. అందుకని ఉప్పు అన్ని దారులా పోతుంది. ఇది వయసుతో తగ్గదు.

చెమటలో ఉప్పు పోయేది ఈ రెండో రకంలోనే. నా దగ్గరికి వచ్చిన ఒక బిడ్డకి నుదురు తుడిచిన నల్ల జాకెట్టు గుడ్డ ఆరాక తెల్లటి చారలు కట్టింది. వాళ్ళ అమ్మమ్మ ఆ గుడ్డ మడిచి తెచ్చి నా బల్లమీద పెట్టింది. అంతవరకు మేం పరీక్షల వెంట పరుగెడుతున్నాం, జవాబు ఆ గుడ్డ మీద ఉంది. మీ అత్తగారు చెప్పింది నిజమైతే, తొమ్మిదో రోజుకే ఇంత తీవ్రంగా రావడం, మేనరికం, ఈ మూడూ కలిపి చూస్తే రెండో రకం వైపే మొగ్గుతుంది. ఆమె మాటని డాక్టరుగారికి యథాతథంగా చెప్పండి. పెద్దావిడ ఏదో అందని వదిలేయకండి.

దాన్ని కొలిచి చూడటానికి చెమట పరీక్ష ఉంది. చేతిమీద పైలోకార్పిన్ మందుతో చెమట పట్టించి, సేకరించి, క్లోరైడ్ చూస్తారు. లీటరుకి 60 మిల్లీమోళ్ళు దాటితే ఎక్కువ. మరీ చిన్న పిల్లల్లో చాలినంత చెమట రాక మళ్ళీ చేయాల్సి రావచ్చు. నీరు ఇంకిన స్థితిలో కాకుండా బాబు కుదుటపడ్డాక చేయించండి. ఒక జాగ్రత్త, ఈ పరీక్ష సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే మరో వంశపారంపర్య జబ్బు కోసం చేసేదే. ఎక్కువ వస్తే ఎవరైనా ఆ పేరు చెప్పి కంగారుపెట్టవచ్చు. ఈ జబ్బున్న పిల్లలకీ మొదటి ఏళ్ళలో దగ్గు, గురక, కఫం తరచుగా వస్తాయి, ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. అక్కడ కఫం చిక్కగా అతుక్కుపోతుంది, ఇక్కడ ఊపిరితిత్తుల్లో ద్రవం పీల్చుకోబడక పల్చటి నీరు ఎక్కువవుతుంది. పొటాషియం, ఆల్డోస్టిరాన్ పక్కన పెట్టి చూస్తే రెండూ విడిపోతాయి. ఒంటిమీద చెమటకాయల్లాంటి ఎర్ర పొక్కులు వచ్చి పోతున్నా చెప్పండి, ఉప్పు చెమట చర్మాన్ని అలా రేపుతుంది.

మీ ఇద్దరి రక్తం కూడా ఒకసారి పరీక్షించమని అడగండి. మొదటి రకంలో ఆ జీన్ మోస్తున్న తల్లికో తండ్రికో పెద్దయ్యాక ఏ ఇబ్బందీ లేకపోయినా ఆల్డోస్టిరాన్ ఎక్కువగానే ఉంటుంది. తక్కువ ఖర్చులో దొరికే మంచి ఆధారం ఇది. కుటుంబ వృక్షం కాగితం మీద గీయండి. మీ రెండు వైపులా నెలలోపు పోయిన పిల్లలు ఎవరైనా ఉన్నారా? మన ఇళ్ళల్లో ‘బాలారిష్టం’ అని ఒక్క మాటలో దాటేస్తారు. పదో రోజున పాలు మానేసి పోయిన బిడ్డ ఎవరైనా ఉంటే, ఆ ఒక్క వివరం నాకు పది పరీక్షలతో సమానం.

జీన్ పరీక్ష చేయించండి, అవసరమే. రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం చాలు. హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, డీఎన్ఏ పరీక్షల కేంద్రం సీడీఎఫ్‌డీ వంటి చోట్ల జెనెటిక్స్ విభాగాలున్నాయి, కౌన్సెలింగ్ కూడా అక్కడే తీసుకోవచ్చు. రిపోర్టు వారాలు పడుతుంది, దానికోసం ఉప్పు ఆపకూడదు. ‘అర్థం స్పష్టంగా తెలియని మార్పు’ అని వస్తే నిరాశపడకండి, అదే మార్పు మీ ఇద్దరిలో ఉందో లేదో చూస్తే చాలాసార్లు తేలిపోతుంది. రెండో రకమని తేలితే ప్రతి కాన్పులోనూ నూటికి పాతిక వంతు అవకాశం ఉంటుంది. మార్పు ఏదో కచ్చితంగా తెలిస్తే తర్వాతి గర్భంలో 11వ వారం దాటాక మాయ నుంచి చిన్న ముక్క తీసి చూడవచ్చు. ఆ దారి తెరవాలన్నా ఈ పరీక్షే ఆధారం.

మీ ఆవిడ గర్భంతో ఉన్నప్పుడు ఉప్పు తగ్గించి తిన్నానని కుమిలిపోతోందని రాశారు. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఈ మాట ఆమెకు మీరు చదివి వినిపించండి. మేనత్త, మేనమామ పిల్లలు పెళ్ళి చేసుకుంటే ఇలాంటి జబ్బుల అవకాశం కొంత పెరిగే మాట నిజమే కానీ, అది ఒకరి తప్పు కాదు, ఇద్దరి జీన్లలో కొన్ని ఒకే తాత, బామ్మల దగ్గర్నుంచి వచ్చినవే.

ఇక ఇంటి జాగ్రత్తలు. బాబుకి నోటి ద్వారా ఉప్పు ఇస్తున్నారని రాశారు, మోతాదు రాయలేదు. మొదటి రకంలో కిలోకి 3 నుంచి 20 మిల్లీ ఈక్వివలెంట్లు, రెండో రకంలో 20 నుంచి 50 దాకా అవసరపడుతుంది. కిలోకి 20 అంటే మూడు కిలోల బిడ్డకి రోజుకి 60, అంటే మూడున్నర గ్రాముల ఉప్పు. పెద్దవాళ్ళు రోజుకి 5 గ్రాములు దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మీ ఇంట్లో పెద్దలు ఇది విని బెదిరిపోయి తగ్గించమంటారు. తగ్గించకండి. అలాగని చిటికెలతో, చెంచాలతో వేయకండి, సోడియం హద్దు దాటితే మెదడుకి ప్రమాదం. ఫార్మసీలో తూచి కట్టిన పొట్లాలో, 3 శాతం సెలైన్‌ని సిరంజితో కొలిచో, రోజంతా పాలతో విడతలుగా ఇవ్వాలి. 3 శాతం సెలైన్ ఒక మిల్లీలీటరులో అర మిల్లీ ఈక్వివలెంట్ ఉంటుంది, లెక్క మీరే సరిచూసుకోండి.

పొటాషియం పీల్చే పొడిని పిండిన తల్లిపాలలో కలిపి, పొడి అడుగుకి దిగాక పైన తేరిన పాలు మాత్రమే ఇచ్చే పద్ధతి ఉంది. మా వార్డులో ఒకావిడ స్టీలు గ్లాసులో పాలు పిండి, పొడి కలిపి, కిటికీలో పెట్టి, అడుగున ఇసుకలా దిగిందాకా చూసి, పైన తేరిన పాలు మాత్రం మెల్లగా వంచుకునేది. అడుగు కదిలితే మళ్ళీ మొదట్నుంచి. రోజుకి ఎనిమిదిసార్లు. ఆ పొడి సోడియం రకమా, కాల్షియం రకమా అని అడగండి, సోడియం రకమైతే అది కూడా ఉప్పు లెక్కలో కలుస్తుంది.

విరేచనాలు పట్టుకుంటే ఎవరో ఒకరు కొబ్బరినీళ్ళు పట్టించమంటారు. వద్దు. అందులో నిండా పొటాషియమే. ఓఆర్ఎస్‌లో కూడా లీటరుకి 20 పొటాషియం ఉంటుంది, డాక్టరుని అడగకుండా ఇవ్వకండి. గుండెకు మంచిదని షాపుల్లో అమ్మే తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు, ఆ ప్యాకెట్ ఈ ఇంట్లోకే రాకూడదు. స్టెరాయిడ్ చుక్కలు ఇంకా వేస్తుంటే మీ అంతట మీరు ఆపకండి, రెండు వారాలు దాటాయి, కార్టిసాల్ చూసుకుంటూ డాక్టరే దించాలి.

వాంతులు రెండుసార్లు దాటినా, రెండు పూటలు పాలు వదిలేసినా, మగతగా ఉన్నా ఇంట్లో ఆగకండి, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళండి. అక్కడ డ్యూటీలో ఉన్నవాళ్ళకి ఈ జబ్బు పేరు కొత్త కావచ్చు. అందుకని మీ డాక్టరుగారితో ఒక్క పేజీ రాయించుకుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి పాల సంచీలోనే ఉంచండి. ఈ బిడ్డకి ఉప్పు పోయే జబ్బుంది, వెంటనే నార్మల్ సెలైన్ పెట్టండి, పొటాషియం ఉన్న ద్రవాలు వద్దు, ఈసీజీ తీయండి, పొటాషియం ఎక్కువైతే కాల్షియం గ్లూకోనేట్ సిద్ధం చేసుకోండి, ఇంత బరువుకి ఇంత మోతాదు అని అంకెలతో సహా.

మూత్రం కల్చర్, స్కాన్, 17-ఓహెచ్‌పీ తీసిన తేదీ, ఆల్డోస్టిరాన్ యూనిట్లు, ఈ నాలుగూ చేతికి రాగానే ఇక్కడ రాయండి. చూసి జవాబిస్తాను.